జీతాల పద్దులో లేని మనిషి

"ఈ ప్రతిపాదనకు పద్దు లేదు. నిధుల లభ్యతను బట్టి తర్వాత పరిశీలించవచ్చు."

ఈ రెండు వాక్యాలూ నావే. పదిహేనేళ్ల కిందట ఒక ఫైలు మీద రాసి, పక్కన పొడి సంతకం గీసి, పై అధికారికి పంపాను. ఆయన నా సంతకం కింద తన సంతకం పెట్టారు. ఆ పైవారు ఆయన కింద పెట్టారు. ఫైలు మళ్లీ నా బల్ల మీదికి రాలేదు. విద్యార్థుల మానసిక ఇబ్బందులు వినడానికి ఒక పూర్తికాలపు కౌన్సెలర్ కావాలన్నది ఆ ప్రతిపాదన. అడిగింది ఒక్క పోస్టు. పంపినది మనస్తత్వ శాస్త్రం వాళ్లు కూడా కాదు, ఒక హాస్టల్ వార్డెన్. రెండు పేజీల ఉత్తరంలో ఆయన వాదనలేమీ చేయలేదు, తన హాస్టల్లో ఆ ఏడాది జరిగిన నాలుగు సంగతులు రాశారు, అంతే. నేను వాటిని చదివాను. చదివే ఆ నోటు రాశాను.

నన్ను నేను మరీ దోషిగా నిలబెట్టుకోవడం లేదు. అప్పుడు పద్దు నిజంగానే లేదు. లెక్కల విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చున్నదాన్ని, లేని పద్దును ఉందని రాయలేను కదా. ఇప్పుడు పదవీ విరమణ చేశాక తెలుస్తున్నది ఏమిటంటే, పద్దు అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒకరు తెరవాలి. అదే ఏడాది ప్రాంగణంలో ఒక ఆర్చికి కొత్త పద్దు తెరిచాం. దానికి సిమెంటు లెక్క వేసింది కూడా నేనే.

ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. ఇంకా అక్కడ పనిచేస్తున్నవాళ్లు నాకు స్నేహితులు. పైగా మా తిరుపతిలో విశ్వవిద్యాలయాలకు కొదవా? 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983 నాటి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, పశువైద్యానికి ఒకటి, వేదానికి ఒకటి, సంస్కృతానికి ఒకటి, వైద్యానికి స్విమ్స్. శ్రీకాళహస్తి దారిలో యేర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్, రెండూ 2015లో మొదలైనవే. దర్శనానికి వచ్చేవాళ్లకు ఇది దేవుడి ఊరు. ఇక్కడ మేడ మీద గదులు అద్దెకిచ్చుకుని బతికే మాలాంటివాళ్లకు ఇది పరీక్షల ఊరు. పలమనేరు, పుంగనూరు, కుప్పం, సత్యవేడు, అటు కడప, అనంతపురం, ఇటు నెల్లూరు, ఎక్కడెక్కడి పిల్లలో ఒక ట్రంకు పెట్టె, ఒక ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని దిగుతారు.

మా మేడ మీది గదిలో ముగ్గురు అబ్బాయిలు ఉండేవారు. అందులో ఒకడి సంగతి చెప్పాలి. పలమనేరు దగ్గర పల్లె. ఎమ్మెస్సీ రెండో ఏడాది. ఇంట్లో టమాటా సేద్యం. టమాటా సంగతి చిత్తూరు వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక నెల బంగారం, మరుసటి నెల కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన కుప్ప. ఆ అబ్బాయి మొదటి ఏడాది బాగానే ఉన్నాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు, ఆ చప్పుడుకి నేను కసురుకునేదాన్ని కూడా. రెండో ఏడాది దసరా తర్వాత ఆ చప్పుడు ఆగింది. మిగతా ఇద్దరూ తరగతులకు వెళ్లాక కూడా పైన ఫ్యాను తిరుగుతూ ఉండేది. నేను పంపిన పులిహోర గిన్నె మూత తీయకుండా తిరిగొచ్చింది. శనివారాలు మాత్రం తెల్లవారుజామున లేచి అలిపిరి వెళ్లి కాలినడకన కొండెక్కి వచ్చేవాడు. 3,550 మెట్లు. కుర్రవాడికి భక్తి ఎక్కువ అనుకున్నాను.

ఒకరోజు నీళ్ల మోటారు సంగతి అడగడానికి పైకి వెళితే, మధ్యాహ్నం రెండింటికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పుస్తకం తెరిచే ఉంది. ఏం నాయనా ఒంట్లో బాగాలేదా అంటే చాలాసేపటికి, "నిద్ర రావడం లేదమ్మా. మెట్లెక్కితే అలసిపోయి అయినా నిద్ర వస్తుందేమోనని వెళుతున్నాను. అయినా రావడం లేదు" అన్నాడు.

ఫోను చేసి మాట్లాడే నంబర్లు ఉంటాయి కదా, కాలేజీ గోడల మీద రాసి ఉంటుంది కదా అన్నాను. చూశానన్నాడు. చేయలేదు. ఎందుకు చేయలేదో చెబితే నాకు నోట మాట రాలేదు. "ఎక్కడ నిలబడి మాట్లాడాలమ్మా? గదిలో ముగ్గురం. మేడ మీద మీ ఇంటివాళ్లు బట్టలు ఆరేస్తుంటారు. రోడ్డు మీద నిలబడి ఆ మాటలు ఎలా చెప్పేది?"

మరి మీ విభాగంలో ఎవరూ లేరా అంటే ఉన్నారన్నాడు. కౌన్సెలింగ్ బాధ్యుడిగా ఒక అధ్యాపకుడిని నియమించారు. ఆయనే వాళ్లకు పాఠం చెబుతారు, ఆయనే ఇంటర్నల్ మార్కులు వేస్తారు. వెళ్లి "నాకు బతకాలనిపించడం లేదు సార్" అని మార్కులు వేసే చేతికి ఎవరు చెబుతారు? ఆ అధ్యాపకుడు మంచివాడే అయి ఉండవచ్చు, ఆ అబ్బాయి కూడా చెడ్డవాడని అనలేదు. ఆయన పేరు ఒక ఉత్తర్వులో "అదనపు బాధ్యతలు" అనే మాట పక్కన చేరింది, అంతే. ఆ మాటకు పైసా ఖర్చు లేదు. లెక్కల విభాగంలో మాకు దానంత ఇష్టమైన మాట మరొకటి ఉండేది కాదు.

మర్నాడు నేనే ఆటో పిలిచి ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీకి తీసుకువెళ్లాను. డాక్టరు డిప్రెషన్ అన్నారు, మందులు రాశారు, వాళ్ల నాన్నను ఒకసారి రమ్మన్నారు. ఆయన పంచె కట్టుకుని వచ్చి, డాక్టరు ముందు కూర్చోవడానికి మొహమాటపడి, గంటసేపూ నిలబడే ఉన్నాడు. రెండు మూడు నెలలకు అబ్బాయి కుదుటపడ్డాడు. ఒక సెమిస్టరు పోయింది. డిగ్రీ అయితే చేతికొచ్చింది.

ఈ కథ విని నన్ను మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం వచ్చింది. ఇంటి ఓనరమ్మకు మోటారు చెడిపోయి పైకి వెళ్లడం ఒక ఏర్పాటు అవుతుందా? ఆ రోజు మోటారు బాగుంటే?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. భాగహారం వేస్తే రోజుకు 35 మందికి పైనే. మానసిక రుగ్మతల్లో నాలుగింట మూడు వంతులు పాతికేళ్ల లోపే మొదలవుతాయని వైద్య పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. అంటే ఆ జబ్బుకు వయసంటూ ఉంటే అది కాలేజీ వయసే. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. మా మేడ మీది అబ్బాయి ఆ మిగిలిన కొద్దిమందిలోకి మోటారు పుణ్యాన చేరాడు.

ఇక కోర్టు సంగతి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి పోరాడగా, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 25న ఇచ్చిన తీర్పులో కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో ఆగకుండా, చట్టం వచ్చేదాకా దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించాల్సిన 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని అందులో ఉంది. హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో, అందరూ తిరిగే చోట్లలో పెద్ద అక్షరాలతో కనిపించేలా పెట్టాలని కూడా ఉంది.

తీర్పు వచ్చిన రోజు పత్రికలో చదువుతూ నాలో నేను నవ్వుకున్నాను. ఈ రెండింటిలో ఏది ముందు అమలవుతుందో లెక్కల మనిషికి జాతకం చూడనక్కర్లేదు. ఫ్లెక్సీకి అయ్యే ఖర్చు చిల్లర ఖర్చుల్లో సర్దుకుపోతుంది, ఎవరి సంతకమూ అక్కర్లేదు. మనిషికి మాత్రం పోస్టు కావాలి. పోస్టుకు ఆర్థిక శాఖ అనుమతి కావాలి. పైగా తీర్పులో "నియమించడం" పక్కనే "పని ఒప్పజెప్పుకోవడం"కూ చోటుంది. ఆ సందు ఉంటే చాలు మా వాళ్లకు. అవుట్‌సోర్సింగ్‌లో పదకొండు నెలలకు ఒకరిని తీసుకుని, వేసవిలో ఆపేసి, జూన్‌లో మరొకరిని తీసుకుంటారు. పిల్లవాడు మార్చిలో ఒకరికి మనసు విప్పి చెప్పుకుంటే, జూలైలో మరొకరి ముందు మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాలి.

హెల్ప్‌లైన్లను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 2022-23 కేంద్ర బడ్జెట్లో ప్రకటించి, అదే ఏడాది అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ మంచి ఏర్పాటు. 14416కు ఏ వేళప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు పడదు. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఈ రాత్రి అవసరమైతే నా వ్యాసం ఇక్కడే ఆపి ఆ నంబరు నొక్కండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. అయితే ఆ ఫోను ఎత్తినవారు చివరికి చేయగలిగింది మీ దగ్గర్లో ఉన్నవారి దగ్గరికి పంపడం. దగ్గర్లో ఎవరుండాలి, వాళ్లకు జీతం ఎవరివ్వాలి అన్నదే నా గోల.

ప్రభుత్వమే ఇవ్వాలి అంటున్నాను. విద్యార్థి ఫీజులోంచి కాదు, యాజమాన్యం దయలోంచి కాదు, దాతల విరాళంలోంచి కాదు. దీనికి నా దగ్గర ఉన్న పెద్ద కారణం పేదరికం కూడా కాదు. రహస్యం.

మా బంధువుల అమ్మాయి ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. అక్కడ కౌన్సెలర్ ఉండేవారు, చక్కటి గది, గోడకు సీతాకోకచిలుకల బొమ్మలు. అమ్మాయి వెళ్లి హాస్టల్లో తనను సీనియర్లు పెడుతున్న బాధ చెప్పుకుంది. వారం తిరక్కుండా ప్రిన్సిపల్ వాళ్ల నాన్నకు ఫోను చేశారు: "మీ అమ్మాయి మెంటల్‌గా కొంచెం వీక్, ఇంటికి తీసుకెళ్లి విశ్రాంతి ఇప్పించండి." సీనియర్ల ఊసే లేదు. ఆ కౌన్సెలర్‌ను నేను తిట్టను. ఆమె జీతం ఆ యాజమాన్యం చేతిలో ఉంది, కాలేజీ పేరు చెడకుండా చూడడం కూడా ఆమె ఉద్యోగంలో భాగమే అయిపోయింది. జీతం ఇచ్చే చేయి ఎటు ఉంటే వినే చెవి అటు తిరుగుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 18వ సెక్షన్ కింద, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల నుంచి మానసిక చికిత్స పొందడం ప్రతి వ్యక్తికీ హక్కు. 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా చూడకూడదని, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలని 115వ సెక్షన్ చెబుతుంది. ఈ మూడింటినీ ఒక ప్రాంగణంలో నిజం చేయాలంటే, అక్కడ కూర్చునే మనిషి రిజిస్ట్రారుకో, క్రమశిక్షణ కమిటీకో జవాబు చెప్పుకునే మనిషి కాకూడదు. ఆమె జీతం ప్రభుత్వ పద్దులోంచి రావాలి, ఆమె పని మీద పర్యవేక్షణ వైద్య ఆరోగ్య శాఖది కావాలి. 1996 నుంచి నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఎలాగూ ఉంది. దాని కొమ్మగా విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

ఎంత అవుతుందో చెప్పమంటారా? ఇక్కడ నా పాత చేయి దురద పెడుతోంది, కాగితం తీస్తాను. అమెరికాలో విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రాలకు గుర్తింపునిచ్చే సంఘం వెయ్యి నుంచి పదిహేను వందల మందికి ఒక కౌన్సెలర్ ఉండాలంటుంది. మనం మొదటిదే పట్టుకుందాం. ఐదు వేల మంది విద్యార్థులున్న ఒక విశ్వవిద్యాలయం అనుకోండి. ఐదుగురు. ఒక్కొక్కరికి నెలకు 60 వేలు వేస్తే ఏడాదికి 36 లక్షలు. వారానికి రెండు పూటలు మానసిక వైద్యుడు వచ్చి వెళ్లడానికి, గదులకు, శిక్షణకు, ఇతరత్రా ఖర్చులకు మరో 9 లక్షలు వేయండి. 45 లక్షలు. తల ఒక్కింటికి ఏడాదికి 900 రూపాయలు. రోజుకు రెండున్నర రూపాయలు కూడా పడదు. లీలామహల్ సెంటర్లో టీ పది రూపాయలకు తక్కువ లేదు. ఒక విద్యార్థికి నాలుగు రోజుల మానసిక ఆరోగ్యం ఒక టీ ఖరీదు అన్నమాట. అంకెలు నా ఊహే, జీతం పెంచుకోండి, మనుషులను తగ్గించుకోండి, ఎటు తిప్పినా ఇది ప్రభుత్వం చేతకాదనే మొత్తం కాదు. డిప్రెషన్, ఆందోళనల చికిత్స మీద పెట్టే ప్రతి డాలరుకూ నాలుగు డాలర్లు తిరిగొస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఇలాంటి రాబడి లెక్కలంటే నాకు అనుమానమే, ఎవరికి కావలసినట్టు వాళ్లు వేసుకుంటారు. నాలుగు కాదు, ఒక్కటే తిరిగి రానివ్వండి. నష్టమైతే లేదు కదా.

ఇక నాకు ఎదురయ్యే మాటలు.

"స్వామి ఉన్నాడు కదా" అంటారు మా వీధిలో. ఉన్నాడు. నేనూ నెలకోసారి కొండకు వెళతాను. వెళ్లి వచ్చాక మనసు తేలికపడడం నాకు తెలుసు. ఆ అబ్బాయి నాకంటే ఎక్కువసార్లు వెళ్లాడు. కాలు విరిగినవాడిని మొక్కుకోమని చెప్పి ఊరుకుంటామా? ముందు కట్టు కట్టించి, తర్వాత నడిచి రమ్మంటాం. నిజానికి ఈ ఊరి పెద్దలకు మనసు సంగతి మనకంటే బాగా తెలుసనిపిస్తుంది నాకు. మా తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. ఏటా వేసవిలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. బండ వేషం కట్టినవాడు నోటికొచ్చిన బూతు తిట్టవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, అది మొక్కు. మగవాడు చీర కట్టుకోవచ్చు. ఏడాది పొడవునా లోపల దాచుకున్నది బయటికి కక్కేయడానికి ఊరు ఊరంతా ఒప్పుకుని ఇచ్చిన చోటు అది. ఆ చోటుకు ఊరు ఖర్చు పెడుతుంది, ఎవరూ దండగ అనరు. జాతర అయ్యాక మిగిలే నెలల కోసం ఒక గది అడుగుతున్నాను.

"ముందు ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపండి, హాస్టల్లో మంచి అన్నం పెట్టండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇవ్వండి. అవన్నీ వదిలేసి కౌన్సెలింగా?" ఇది గట్టి మాట. దీనికి నేను తల వంచుతాను, సగం. పిల్లల బాధలో చాలా భాగం జబ్బు కాదు. ప్రభుత్వం నుంచి ఫీజు డబ్బు రాకపోతే సర్టిఫికెట్లు ఆపేస్తారు, సర్టిఫికెట్ లేక ఉద్యోగానికి వెళ్లలేరు, ఇంట్లో చెప్పుకోలేరు. ఏళ్ల తరబడి రాని ఉద్యోగ నోటిఫికేషన్ కోసం తిలక్ రోడ్డులో పాత పుస్తకాలు కొని చదువుతూ వయసు దాటిపోయేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. టమాటా ధర పడిపోతే దానికి ఏ కౌన్సెలర్ ఏం మందు వేస్తుంది? నిజమే.

కానీ మిగతా సగం వినండి. ఆ గదిలో ఒక మనిషి ఏడాది కూర్చుంటే ఆమె దగ్గర ఒక లెక్క తయారవుతుంది. పేర్లు ఉండవు, ఎవరి సంగతీ బయటపడదు, అంకెలు మాత్రమే. ఈ నెల నిద్ర పట్టక వచ్చినవారు ఇంతమంది, అందులో సర్టిఫికెట్ ఆగినవారు ఇంతమంది, మెస్సు బిల్లు కట్టలేక ఒక పూట తింటున్నవారు ఇంతమంది, ఫలానా గైడు పరిశోధన విద్యార్థినులను సతాయిస్తున్నాడని ఒకే పేరు చెప్పినవారు ఇంతమంది. ఇప్పుడు ఈ అంకెలు ఎవరి దగ్గరా లేవు, అందుకే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, కాగితం మీద అంకెగా పడనిది ఏదీ బడ్జెట్ సమావేశంలో బాధగా లెక్కకు రాదు. అన్నం, ఫీజు, పోస్టులు అడిగేవాళ్లు నిజానికి ఈ గదిని నాకంటే ముందు అడగాలి.

"ఐఐటీల్లో కౌన్సెలర్లు ఉన్నారు కదా, అక్కడ చనిపోవడం ఆగిందా?" ఆగలేదు. ఢిల్లీ ఐఐటీలో ఇద్దరు విద్యార్థుల మరణాల మీద వారి కుటుంబాలు వేసిన కేసులోనే 2025 మార్చిలో సుప్రీంకోర్టు తన మాజీ న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన, విద్యార్థుల ఆత్మహత్యల మీద జాతీయ టాస్క్‌ఫోర్సు వేసింది. కులం చూసి మాటలు విసిరేచోట, మార్కులతో మనిషిని తూచేచోట కౌన్సెలర్ ఒక్కరే ఏం చేయగలరు అన్నది సరైన ప్రశ్న. అయితే ఆ ప్రశ్న అడిగే హక్కు మనిషిని పెట్టి చూసినవాళ్లది. ఆసుపత్రి ఉన్న ఊళ్లోనూ మనుషులు పోతారని ఆసుపత్రి మూసుకోం.

మనుషులు ఎక్కడ దొరుకుతారు అన్నది చివరిది. 2023-24 ఆర్థిక సర్వే ప్రకారం మన దేశంలో లక్ష జనాభాకు మానసిక వైద్యులు 0.75 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం ముగ్గురు ఉండాలి. కొరత నిజం. కానీ ఇదే 2017 చట్టం 31వ సెక్షన్‌లో, అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా ఈ నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు తేవడానికి ప్రయత్నించాలని ప్రభుత్వాలకు చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చింది 2018లో. గడువు 2028. క్యాలెండరు చూసుకోండి. మా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనే మనస్తత్వ శాస్త్ర విభాగం ఉంది. ఆ చదువు చదివి బ్యాంకుల్లో, కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో చేరినవాళ్లు నాకు తెలుసు. పోస్టు లేని చదువుకు మనుషులు ఎందుకు వస్తారు? పోస్టు పెట్టండి, అదనపు శిక్షణకు డబ్బు ఇవ్వండి, నాలుగేళ్లలో ఈ ఊరి పిల్లలే ఈ ఊరి పిల్లల మాట వింటారు.

మన రాష్ట్రానికి కమిటీలు కొత్త కాదన్నది కూడా ఒక మాట చెప్పాలి. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో పిల్లలు చనిపోతుంటే 2001లోనే ఉమ్మడి రాష్ట్రంలో నీరదా రెడ్డి కమిటీ వేశారు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు పీజీలు కూడా దాటారు.

పోయిన నెల ఒక పనిచేశాను. వినతిపత్రం రాశాను, ఒకటిన్నర పేజీ, నా పాత కార్యాలయ భాషలోనే. కౌన్సెలర్ పోస్టులు మంజూరు చేయాలని, అవి రాష్ట్ర బడ్జెట్లోనే ఉండాలని, కాంట్రాక్టు వద్దని, పర్యవేక్షణ వైద్య శాఖకు ఇవ్వాలని. ఆ పాత ఫైలు నంబరు కూడా పైన వేశాను. నాకది ఇంకా నోటికి వచ్చు. ఆ ఉత్తరం రాసిన వార్డెన్ గారు ఇప్పుడు లేరు. ఆయనకు చూపించాలని ఉండేది.

వినతిపత్రం చేరిన నాలుగు రోజులకు నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి ఫోను చేసింది. నేను పని నేర్పిన పిల్లే. మర్యాద తెలిసింది.

"మేడం, మీ కాగితం వచ్చింది. నోటు రాయాలి. బాగుంది మేడం, నిజంగా. కానీ దీన్ని ఏ పద్దు కింద పెట్టమంటారు? వెదికితే ఎక్కడా లేదు. సంక్షేమం కింద పెడితే ఫ్లెక్సీలకూ క్రీడలకూ సరిపోతోంది."

"జీతాల పద్దు కింద పెట్టమ్మా" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. అవతల కాగితం తిప్పుతున్న చప్పుడు వినిపించింది.